ఆవు పాతకాలానిదే, గమనించగలరు

ఇరాన్ షా గారి సాంస్కృతిక శాఖను అందరూ అన్యాయంగా ఆడిపోసుకుంటారు. దార్యూష్ మెహర్జూయీ 1969లో తీసిన ‘గావ్’, అంటే ‘ఆవు’ సినిమాకు డబ్బు పెట్టింది ఆ శాఖే. తీరా చూస్తే తెర మీద మట్టిగోడలు, దుమ్ము, ఊరంతటికీ ఒకే ఒక్క ఆవు. సొంత సొమ్ముతో సొంత పరువు తీయించుకున్న ప్రభుత్వం ఇంకేం చేస్తుంది? సినిమాను తొక్కిపెట్టింది. తర్వాత దయతలచి, ఈ కథ షా ఏలుబడికి ముందు నాటిదని మొదట్లో ఒక ముక్క వేయించి వదిలింది. దరిద్ర నిర్మూలనకు ఇంత చౌక పథకం మరొకటి లేదు. మన సినిమాల ముందు వచ్చే ‘పాత్రలన్నీ కల్పితం’ దీని ముందు బలాదూరు.

ఆ ముక్క చదువుకునే లోపలికి వెళ్లాలి. పిల్లలు లేని మష్ హసన్ ఆవును చెరువులో దింపి, పసిబిడ్డకు పోసినట్టు స్నానం చేయిస్తాడు. అతను ఊళ్లో లేని రోజున చూలుతో ఉన్న ఆ ఆవు చచ్చిపోతుంది. ఊరివాళ్లు జాలిపడి, గుట్టుగా పాతిపెట్టి, తప్పిపోయిందని చెబుతారు. ప్రకటనలు చేయడం పైవాళ్లకే చేతనవుననుకోకండి.

హసన్ నమ్మడు. కొట్టంలో చేరి నోటినిండా గడ్డి కుక్కుకుంటాడు. తాను హసన్‌ను కాననీ, హసన్ ఆవుననీ అంటాడు. పొరుగూరి బోలూరీ దొంగలు వస్తున్నారని భయపడి, తనను కాపాడమని హసన్‌నే పిలుస్తాడు. అక్కడ మాత్రం నాకు వెటకారం కుదరలేదు, క్షమించాలి.

చివరికి ఆసుపత్రికని తాళ్లు కట్టి, వానలో పట్నం వైపు ఈడ్చుకెళతారు. దారిలో మొరాయిస్తే, ఊళ్లోకెల్లా తెలివైన ఎస్లామే గొడ్డును అదిలించినట్టు అదిలించి కొడతాడు. ఎంత చెప్పినా ఎవరూ ఒప్పుకోని సంగతిని అలా దెబ్బలతో ఒప్పుకున్నారు. హసన్ తాడు విడిపించుకుని పరుగెత్తి, కొండ మీంచి పడి చనిపోతాడు.

1971లో ఈ సినిమా దొంగచాటుగా దేశం దాటి, ఉపశీర్షికలైనా లేకుండా వెనిస్ చిత్రోత్సవంలో విమర్శకుల బహుమతి కొట్టింది. అదే ఏడాది షా పాతకాలపు రాజధాని పెర్సెపోలిస్‌లో 2,500 ఏళ్ల రాచరికానికి పండుగ చేశాడు. పారిస్ వంటవాళ్లు వచ్చి నెమళ్లు వడ్డించారు. ఆ విందుకు మాత్రం ‘ఇది పాతకాలపు కథ’ అని ఎవరూ ముక్క తగిలించలేదు.

కథ రాసిన గులాం హుసేన్ సాయెదీ వృత్తిరీత్యా మానసిక వైద్యుడు. 1974లో షా రహస్య పోలీసులు ఆయన్ను జైల్లో పెట్టి హింసించారు. రోగి కొట్టంలో, వైద్యుడు కటకటాల్లో. శాఖాపరంగా లోపమేమీ లేదు. షాను దించేసిన విప్లవం తర్వాత ఏలికగా వచ్చిన మతగురువు ఖొమేనీకి ఈ సినిమా నచ్చిందంటారు. రచయిత మాత్రం ఆ ఏలుబడి నుంచి కూడా పారిపోయి, 1985లో పారిస్‌లో పోయాడు. అది షా తర్వాతి కథ కనుక, ముక్క వేయవలసిన బాధ్యత ఆ శాఖది కాదు.