చేతిలో ఉన్నదంతా పెట్టి పాత డీజిల్ కారు కొనకండి

"డీజిల్ ఇంజిన్ కదా, ఐదు లక్షల కిలోమీటర్ల దాకా ఢోకా లేదు, కళ్లు మూసుకుని తీసుకో." ఈ సలహా ఎవరు మొదలుపెట్టారో గానీ, తక్కువ డబ్బుతో మొదటి కారు కొనేవాళ్లని ఇది ముంచినంతగా ఇంకేదీ ముంచలేదని నా గట్టి అభిప్రాయం. మొన్న కూడా తెలిసినవాళ్లు ఒకరు ఇదే అడిగారు. రెండు లక్షల కిలోమీటర్ల పైన తిరిగిన డీజిల్ సెడాన్, పెయింట్ బాగుంది, ఏసీ బాగుంది, రేటు తన దగ్గరున్న డబ్బుకి సరిగ్గా సరిపోయింది, తీసుకోవచ్చా అని. రెండు లక్షల రీడింగ్ చూసి నాకేమీ భయం వేయలేదు. "సరిగ్గా సరిపోయింది" అన్న మాట దగ్గరే గుండె జారింది, అంటే రిపేరుకి ఏమీ మిగలదు.

డీజిల్ చావదు అనే నమ్మకం ఊరికే పుట్టలేదు. గ్రీస్‌లో టాక్సీగా నడిచిన 1976 మోడల్ మెర్సిడెస్ 240డి ఒకటి 46 లక్షల కిలోమీటర్లు తిరిగి 2004లో కంపెనీ మ్యూజియంకి చేరింది. ఈ కథ చెప్పేవాళ్లు రెండు విషయాలు వదిలేస్తారు. అన్ని లక్షలు తిరగడానికి ఆ బండికి ఇంజిన్‌ని చాలాసార్లు దించి మార్చాల్సి వచ్చింది. పైగా ఆ తరం ఇంజిన్‌లో గాలిని అదిమి లోపలికి పంపే టర్బో లేదు, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి పెద్ద ఒత్తిడితో డీజిల్ అందించే కామన్ రైల్ లేదు, పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ లేదు. నెమ్మదిగా కదిలే, మొరటుగా మోగే, ఏ చిన్న షెడ్డులోనైనా బాగుచేయగలిగే ఇంజిన్ అది. 1997లో ఆల్ఫా రోమియో 156తో కామన్ రైల్ కార్లలోకి వచ్చింది. అప్పటినుంచి డీజిల్ కారు మెత్తబడింది, పికప్ వచ్చింది, దాంతోపాటు ఖరీదైన సామాను కూడా వచ్చి చేరింది. ఈ మధ్య తరం ఇంజిన్లలో ఇంధనం 2,000 బార్ల దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు రెండు వేల రెట్ల ఒత్తిడితో ఇంజెక్టర్‌లోకి వెళ్తుంది. అంత ఒత్తిడిలో ట్యాంకులో చేరిన కాస్త నీళ్లు చాలు పంపు అరగడానికి. పంపులో అరిగిన లోహపు పొడి ఆ కామన్ రైల్ గొట్టం గుండా అన్ని ఇంజెక్టర్లలోకీ పాకుతుంది. అప్పుడు ఒక పార్ట్ మారిస్తే సరిపోదు, ట్యాంకు నుంచి ఇంజెక్టర్ దాకా అంతా విప్పాల్సిందే.

అయినా నేను రీడింగ్ చూసి బండిని తీసిపారేయను. ఇంజిన్‌కి కిలోమీటర్ల కన్నా గంటలే ముఖ్యం. మూడు లక్షలు హైవే మీద సగటున అరవై స్పీడులో తిరిగిన బండి ఇంజిన్ నడిచింది 5,000 గంటలు. లక్షన్నర మాత్రమే తిరిగి, అది కూడా ట్రాఫిక్‌లో సగటున ఇరవైలో తిరిగితే 7,500 గంటలు. మీటర్ మీద సగమే ఉన్న ఆ రెండో బండే ఎక్కువ పాతది. క్లచ్, గేర్లు, బ్రేకులు, స్టార్టర్ అన్నీ దానివే ఎక్కువ అరిగి ఉంటాయి. కానీ బజార్లో ఆ బండికే ఎక్కువ రేటు, ఎందుకంటే అందరం మీటరే చూస్తాం. ఆ మీటరు వెనక్కి తిప్పడం కష్టమేమీ కాదు. అరవై వేలు తిరిగిందన్న బండిలో క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, డ్రైవర్ సీటు అంచు నలిగిపోయి ఉంటే ఆ మీటరుని నమ్మకండి. సర్వీస్ బిల్లుల్లో తేదీలు, కిలోమీటర్లు ఒక వరసలో పెరుగుతూ రావాలి. నన్నడిగితే, పూర్తి బిల్లులున్న మూడు లక్షల బండి, ఏ కాగితమూ లేని లక్ష బండి కన్నా మేలు.

ఇక అసలు సంగతి, మీరు రోజూ ఎంత తిరుగుతారు? ఆఫీసుకి ఐదు కిలోమీటర్లు, మళ్లీ ఇంటికి ఐదు, ఆదివారం బజారు, ఇంతేనా? అయితే మసి ఫిల్టర్ ఉన్న డీజిల్ కారు మీకొద్దు. ఈ మాట నేను మొహమాటం లేకుండా చెప్తాను. యూరోపులో 2009 నుంచి అమల్లోకి వచ్చిన యూరో 5 నిబంధన పొగలోని మసి పరిమితిని కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల నుంచి 5కి దించింది. దాంతో డీజిల్ కార్లకి డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ తప్పనిసరైంది. అందులో మసి నిండాక బండి తనంతట తానే దాన్ని కాల్చుకుంటుంది. అందుకు అక్కడ వేడి సుమారు 600 డిగ్రీలకి చేరాలి, బండి ఆగకుండా ఒక పావుగంట, ఇరవై నిమిషాలు కాస్త స్పీడు మీద నడవాలి. ఆ వేడి కోసం చాలా కార్లలో సిలిండర్‌లోకే అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఐదు కిలోమీటర్లకే మీరు తాళం తీసేస్తే ఆ పని సగంలో ఆగుతుంది. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. మర్నాడు మళ్లీ అదే.

దీని ఫలితం ఎలా ఉంటుందో కళ్లారా చూశాను. ఆఫీసులో జూనియర్ ఒకతను బండి చూద్దాం రమ్మంటే వెళ్లాను. డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి తుడిచి మళ్లీ పెట్టి చూస్తే ఆయిల్ మాక్స్ గీత దాటి వేలెడు పైకి ఉంది. "కొత్త ఆయిలండీ, మొన్ననే పోయించాం, కాస్త ఎక్కువ పడింది" అన్నాడు అమ్మేవాడు. చుక్క తీసి వేళ్ల మధ్య రుద్దితే జిగురే లేదు, నీళ్లలా జారిపోయింది, వాసన చూస్తే డీజిల్. అలా పలచబడ్డ ఆయిల్‌తోనే నిమిషానికి లక్షకి పైగా చుట్లు తిరిగే టర్బో బేరింగులు బతకాలి. బయటికొచ్చాక "అన్నా, బండి అంత నీట్‌గా ఉంది కదా" అని అతను బాధపడ్డాడు. నీట్‌గానే ఉంది, లోపల టర్బో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు.

ఇంధనం ఆదా అవుతుందంటారా, లెక్క వేద్దాం. లీటరుకి డీజిల్ బండి 18, పెట్రోల్ బండి 14 ఇస్తాయనుకోండి. ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి తేడా 95 లీటర్లు. 25,000 తిరిగేవాళ్లకి దాదాపు 400 లీటర్లు. ఇప్పుడు మీరు చూసిన మోడల్‌కి నాలుగు ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్‌తో పాటు డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజిన్ కుదుపులు గేర్లకి తగలకుండా ఆపే బరువైన చక్రం) మార్చడానికి ఎంతవుతుందో మెకానిక్‌ని అడిగి, ఒక్కోదాన్నీ మీ దగ్గరి లీటరు ధరతో భాగించండి. తక్కువ తిరిగేవాళ్లకి ఒక్క రిపేరుతో ఎన్నేళ్ల ఆదా తుడిచిపెట్టుకుపోతుందో మీకే తెలుస్తుంది.

ఎక్కువ తిరుగుతారు, హైవే మీదే తిరుగుతారు, అప్పుడు డీజిల్ చూడండి, నేనే వెంట వస్తాను. పొద్దున్నే వెళ్లాలి, ముందే ఫోన్ చేసి "మేమొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారని అనుమానించాలి. వేడెక్కిన ఇంజిన్ మీద గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజిన్ అందుకోవడానికి లోపల వేడి చేసేవి) పోయినా, సిలిండర్లలో గాలిని నొక్కే బలం, అంటే కంప్రెషన్ తగ్గినా బయటపడదు. చల్లటి ఇంజిన్ సెల్ఫ్ కొట్టగానే అందుకోవాలి. నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే ఇంజెక్టరో, సిలిండర్ల పైన మూతకి వేసే సీలు, అంటే హెడ్ గ్యాస్కెటో పోయిందనుకోవాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నల్ల పొగ కక్కుతుంటే గాలికీ ఇంధనానికీ లెక్క కుదరడం లేదు. ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తెరవండి, పొగ గుప్పుగుప్పున తంతుంటే పిస్టన్ రింగులు అయిపోవచ్చాయి. ఆఫ్ చేసే క్షణంలో కింద నుంచి గడగడమని చప్పుడొస్తే ఫ్లైవీల్ ఖర్చు రాసి పెట్టుకోండి.

ఒక పరీక్ష మాత్రం డబ్బిచ్చి అయినా చేయించండి. ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిల్‌ని వెనక్కి తెచ్చే సన్న పైపులు తీసి, ఒక్కోదానికి ఒక్కో చిన్న సీసా తగిలించి, ఇంజిన్‌ని కొన్ని నిమిషాలు నడుపుతారు. నాలుగు సీసాల్లో డీజిల్ దాదాపు సమానంగా చేరితే సంతోషం. మూడింట్లో అడుగున కొంచెం ఉండి నాలుగోది సగం నిండిందంటే ఆ ఇంజెక్టర్ లోపల కారుతోంది. ఇంత తేలికైన పరీక్ష చేయించుకోకుండా జీవితకాలపు పొదుపు చేతిలో పెట్టేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది.

సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి కూడా చూడండి. ఫిల్టర్ బాగున్న బండిలో గొట్టం లోపల దాదాపు శుభ్రంగా ఉంటుంది. వేలికి నల్ల మసి దట్టంగా అంటితే ఫిల్టర్ పగిలిందో, లేదా దాన్ని కోసి తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చారో. "తీసేస్తే పికప్ పెరిగిందండీ" అని గొప్పగా చెప్తారు, వినకండి. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం, తనిఖీలో దొరికితే బాధ్యత కొన్న మీదే. ఆ మసి వెనక నడిచే పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంత తెలిశాక కూడా అలాంటి బండి కొనమని నేనెవరికీ చెప్పను, ఎంత చవకైనా సరే. వయసుని బట్టో, ఉద్గార నిబంధనని బట్టో పాత డీజిళ్లని కొన్ని నగరాలు లోపలికి రానివ్వడం లేదు, మీ దారిలో అలాంటి ఊరు ఉందేమో ముందే కనుక్కోండి.

డబ్బు విషయంలో నా లెక్క ఇది: చేతిలో ఉన్నదాంట్లో మూడో వంతు పక్కన పెట్టి, మిగిలిన రెండు వంతుల్లో దొరికే బండే చూడాలి. అలా దొరకకపోతే చిన్న పెట్రోల్ కారు తీసుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు. డీజిలే కొంటే మొదటి వారంలోనే ఆ పక్కన పెట్టిన డబ్బులోంచి ఆయిల్ మార్పించండి, మసి ఫిల్టర్ ఉన్న ఇంజిన్‌కి తక్కువ బూడిద వదిలే గ్రేడే పోయించండి. డీజిల్ ఫిల్టర్ కొత్తది వేయించండి. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్ అయితే, ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకుని మార్పించేయండి, వాటర్ పంపుతో సహా.