రుజువు కావాలట!

మా మేనమామ పద్దెనిమిదేళ్లు కంకర క్రషర్‌లో పనిచేశాడు. మూతికి తువ్వాలు, అదే రక్షణ. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. అత్త టిఫిన్ క్యారియర్‌ని గోడకేసి తట్టి, దుమ్ము రాల్చాకే తోమేది.

దగ్గు మొదలైతే టీబీ అన్నారు. కళ్లె పరీక్షలో ఏమీ తేలకపోయినా ఆరు నెలలు మందులు మింగించారు. చివరికి ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి "ఏం పని చేస్తావు?" అని అడిగాడు. అన్నాళ్లలో ఆ మాట అడిగింది ఆయనొక్కడే. సిలికోసిస్. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి మచ్చ కట్టేస్తుంది, నయమయ్యేది కాదు.

1923 నాటి పరిహార చట్టంలోనూ, తర్వాత వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ మూడో షెడ్యూల్‌లో, అంటే పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో, ఈ జబ్బు ఉంది. ఉంటే? "అక్కడ పనిచేసినట్టు రుజువేది?" అంటారు. శనివారం శనివారం చేతిలో నోట్లు పెట్టే మేస్త్రీ రసీదు ఇస్తాడా? ఈఎస్ఐ (కార్మికుల బీమా) కార్డూ లేదు. ఉంటే యజమాని జీతం మీద 3.25 శాతం కట్టాలి కదా, అందుకే లేదు.

పైగా పరిహారం అడగాల్సిన ఆఫీసు మూడో అంతస్తులో. లిఫ్టు ఎప్పుడూ రిపేరే. పది మెట్లెక్కితే ఆయాసపడే మనిషిని అక్కడికి రమ్మంటారు! మొన్న బుధవారం మామయ్య రెండో అంతస్తు మెట్ల మీదే కూలబడ్డాడు. కాగితాలు పట్టుకుని నేనే పైకెళ్లాను.

గుమస్తా తలెత్తకుండానే అన్నాడు: "పేషెంటే స్వయంగా రావాలండీ."