‘పరారీ’ అని రాసే ముందు

నేర వార్తల్లో చివరి వాక్యం చాలాసార్లు ఒకటే ఉంటుంది. ‘మరో ఇద్దరు నిందితులు పరారీలో ఉన్నారు.’ పాఠకులు దాన్ని చూసీ చూడనట్టు చూసి పేజీ తిప్పేస్తారు. పోలీసు కాగితాల్లో నిందితుడి పేరు పక్కన ఉండే ‘అబ్‌స్కాండింగ్’ అనే ఇంగ్లిషు మాటకు రాత్రిపూట డెస్కులో హడావుడిగా తొడిగిన తెలుగు చొక్కా అది. ఆ ఒక్క మాటతో ఒక మనిషి మనసులో ఏముందో మనమే తేల్చేస్తున్నాం. అందుకే దాన్ని వార్తల్లో ఇంత విరివిగా వాడటం తప్పని నా వాదన.

‘అబ్‌స్కాండ్’ అనే ఇంగ్లిషు క్రియకు మూలం లాటిన్‌లో ఉంది. దూరంగా తీసుకుపోయి దాచడం అని అక్కడ దాని అర్థం. ఇంగ్లిషులోకి 16వ శతాబ్దంలో వచ్చింది. గోడకు బిగించే ఒక రకం దీపాన్ని ఇంగ్లిషులో ‘స్కాన్స్’ అంటారు. వెలుగును చాటున ఉంచే లాంతరుకు పెట్టిన ఆ పేరూ ఈ కుదురులోంచి వచ్చిందే. చేతికి చిక్కినవాడు విడిపించుకుపోతే ‘ఎస్కేప్’, ప్రమాదం చూసి పరుగెత్తితే ‘ఫ్లీ’. ఇల్లు అంటుకున్నప్పుడు బయటికి పరుగెత్తినవాణ్ని ఎవరూ అబ్‌స్కాండ్ అయ్యాడనరు. సొమ్ముతో మాయమైన గుమాస్తాకు, బెయిలు మీద వచ్చి మళ్లీ కోర్టు గడప తొక్కని నిందితుడికి ఆ మాట సరిపోతుంది. తనను వెతుకుతున్నారని తెలియాలి, వాళ్లకు దొరకకూడదని అనుకోవాలి, ఆ పని గుట్టుగా చేయాలి. కాలు కదపనక్కర్లేదు. సొంత ఇంట్లోనే దాక్కున్నా ఈ మాట వర్తిస్తుందని మద్రాసు హైకోర్టు 19వ శతాబ్దంలోనే చెప్పింది.

మనం దీనికి బదులు వాడుతున్న ‘పరారీ’ అరబ్బీ, పారశీకాల నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. దాని అర్థం పారిపోవడం. దాక్కోవడాన్ని చెప్పే మాటకు బదులుగా పరుగును చెప్పే మాట తెచ్చిపెట్టుకున్నాం. మనకు మాటల కరువుండి చేసిన పని కాదిది. ‘జారుకున్నాడు’ అంటే పక్కవాళ్లు గమనించేలోపే వెళ్లిపోయాడు. ‘ఉడాయించాడు’ అంటే చేతిలో ఎవరిదో సొమ్ము ఉంది. ‘కాళ్లకు బుద్ధి చెప్పాడు’ అంటే తరిమేవాళ్లు వెనకే ఉన్నారు. ‘పలాయనం చిత్తగించాడు’ అంటే ఎదురు నిలిచే ధైర్యం లేకపోయింది. ఇక ‘ముఖం చాటేశాడు’ అనే మాట చూడండి. ఊళ్లోనే ఉంటాడు, అప్పులవాడికి కనపడడు, సమన్లు తెచ్చిన మనిషికి కనపడడు. లాటిన్ మాటలో ఉన్న ఆ చాటే ఇందులోనూ ఉంది. ఏ పండితుడూ కూర్చుని అనువదించకుండానే తెలుగువాళ్లు ఆ క్రియను నూటికి నూరుపాళ్లు పట్టుకున్నారు. నాకు ఈ పోలిక తట్టిన రోజున చాలాసేపు సంతోషంగా ఉంది. ఇంత నిక్కమైన మాటను వదిలేసి పోలీసు ముద్రను అరువు తెచ్చుకున్నామే అని బాధ కూడా కలిగింది.

డెస్కులో పనిచేసిన రోజుల్లో ఆ ‘పరారీ’ వాక్యాన్ని నేనూ లెక్కలేనన్ని సార్లు రాశాను. ఒక రాత్రి ఏదో కొట్లాట కేసు వచ్చింది. ముగ్గురి అరెస్టు, నాలుగో వ్యక్తి పరారీ. మర్నాడు మధ్యాహ్నం ఒకామె ఫోను చేసింది. ‘మా ఆయన ఎక్కడికీ పోలేదండీ. నిన్నంతా ఇంట్లోనే ఉన్నారు. మా ఇంటికి ఎవరూ రాలేదు. కేసులో పేరుందని మీ పేపరు చూశాకే మాకు తెలిసింది’ అంది. గొంతులో కోపం లేదు, వణుకు ఉంది. నేను పొడిపొడిగా ఏదో చెప్పి ఫోను పెట్టేశాను. కేసు ఉందనే తెలియని మనిషి దాన్నుంచి ఎలా దాక్కుంటాడు? ఆ ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు.

చట్టం మాత్రం ఈ ప్రశ్న వేసుకుంది. పాత నేర విచారణ స్మృతిలో 82వ సెక్షన్‌గా ఉండి, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 84వ సెక్షన్‌గా మారిన నిబంధన చదివితే తెలుస్తుంది. ముందు వారెంటు జారీ కావాలి. అది అమలు కాకుండా ఆ మనిషి పరారయ్యాడని గానీ, దాక్కున్నాడని గానీ నమ్మడానికి కోర్టుకు కారణం కనపడాలి. అప్పుడు ఫలానా చోట, ఫలానా వేళకు హాజరు కమ్మని ప్రకటన ఇస్తారు. ప్రచురించిన నాటి నుంచి కనీసం 30 రోజుల గడువుండాలి. దాన్ని అతనుండే ఊళ్లో అందరికీ వినిపించేలా చదవాలి, ఇంటికి అంటించాలి, కోర్టు భవనానికీ అంటించాలి. ఇంత తతంగం చేస్తే తప్ప న్యాయస్థానం తేల్చని సంగతిని మనం ఎఫ్ఐఆర్ నమోదైన రాత్రే ఒక్క మాటతో తేల్చేస్తున్నాం.

పైగా పరారీని నేరానికి రుజువుగా చూసే అలవాటొకటి ఉంది. తప్పు చేయకపోతే ఎందుకు పారిపోతాడన్నది రచ్చబండ దగ్గర వినిపించే తర్కం. 1971లో మాత్రు కేసులో సుప్రీంకోర్టు దానికి సమాధానం చెప్పింది. కనపడకుండా పోయినంత మాత్రాన దోషి అనలేమనీ, ఘోర నేరం మీద పడుతుందన్న భయంతో నిర్దోషి కూడా అరెస్టు తప్పించుకోవాలని చూడవచ్చనీ, అది ప్రాణరక్షణ స్వభావమనీ చెప్పింది. నిజంగా పారిపోయినవాడి విషయంలోనే న్యాయమూర్తులు అంత ఆచితూచి మాట్లాడారు.

తెలుగు క్రియకు ఇంకో గుణం ఉంది. చివరి అక్షరంలోనే మర్యాద దాగి ఉంటుంది. విజయ్ మాల్యా 2016 మార్చిలో ‘దేశం విడిచి వెళ్లారు’. 2019 జనవరిలో ముంబయి ప్రత్యేక కోర్టు 2018 నాటి చట్టం కింద ఆయన్ను పరారీలో ఉన్న ఆర్థిక నేరస్థుడిగా ప్రకటించింది. ఆ చట్టం కింద అలా ప్రకటించిన మొదటి వ్యక్తి ఆయనే. వంద కోట్ల రూపాయలు, ఆపైన విలువున్న నేరాలకే వర్తించే చట్టమది. అంత ఎత్తున ఉన్నవాడికి ‘వెళ్లారు’ అని రాయడానికి మన కలం క్షణమైనా ఆగదు. కొట్లాట కేసులో నాలుగో పేరు మాత్రం మొదటి రోజే ‘పరారయ్యాడు’.

చోటు తక్కువ, సమయం తక్కువ, పోలీసులు చెప్పిందే రాశాం, పాఠకులకు అర్థమవుతోంది కదా అని వృత్తిమిత్రులు అంటారు. నిజంగా దాక్కుని సాక్షులను బెదిరించేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లకు ఆ మాట నిక్షేపంగా వాడొచ్చు. మిగిలినవాళ్ల గురించి ‘ఇంకా దొరకలేదు’ అని రాయడానికి రెండు మాటలు చాలు. ‘పరారీలో ఉన్నాడు’ కూడా రెండు మాటలే.

‘అబ్‌స్కాండ్’ అనే క్రియ చరిత్ర చదువుతున్నకొద్దీ నాకు మరో సంగతి కనపడింది. దీన్ని రాసినవాళ్లు ఎక్కువగా యజమానులు. అమెరికాలో బానిసత్వం ఉన్న రోజుల్లో తప్పించుకుపోయినవాళ్ల కోసం పత్రికల్లో ప్రకటనలు వేయించేవారు. వయసు, ఎత్తు, ఒంటి మీద గాయపు మచ్చ, పట్టిచ్చినవారికి బహుమతి. వాటిలో చాలాచోట్ల ఈ క్రియే ఉంటుంది. ఆ మనుషులు బతకడానికి వెళ్లారు. వాళ్లే రాసుకుని ఉంటే క్రియ మరొకటి అయ్యేది. మన దేశంలో 1859లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం బయానా తీసుకున్న పనివాడు పని మానేసి, మేజిస్ట్రేటు చెప్పినా చేయకపోతే మూడు నెలల వరకు జైలు. పని వదలడమే నేరమైన కాలమది.

ఆ చట్టం పోయి దాదాపు వందేళ్లయింది. మాట పోలేదు. నేటి కంపెనీల్లో నోటీసు గడువు పూర్తి చేయకుండా మానేసిన ఉద్యోగిని ‘అబ్‌స్కాండింగ్’ అంటున్నారు. వారెంటు లేదు, కోర్టు లేదు. ఒక కుర్రాడు రాజీనామా పంపుతాడు. జవాబు రాదు. మళ్లీ పంపుతాడు, రాదు. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగుండదు, వెళ్లిపోతాడు. కొన్ని నెలల తర్వాత మరో చోట ఉద్యోగం ఖాయమయ్యే వేళకు పాత కంపెనీ రికార్డులో అతని పేరు పక్కన ఉన్న ఆ ఒక్క మాటే వాళ్ల చేతికి అందుతుంది. అతను పంపిన రెండు రాజీనామా లేఖలూ పాత మేనేజరు మెయిలు పెట్టెలో అలాగే ఉంటాయి.