పుస్తకంలో అలా లేదు మావయ్యా!

చెన్నై వడపళని మాల్‌లో సూపర్ హీరో సినిమా చూసి బయటికొచ్చేసరికి మా మేనల్లుడి మొహం మాడిపోయి ఉంటుంది. సినిమా ఎంత బాగున్నా అంతే. ఎదురుగా దోసె చల్లారిపోతున్నా పట్టించుకోడు. ఫోన్‌లో కామిక్ పేజీ తెరిచి, బొమ్మ పెద్దది చేసి నా కళ్లముందు పెడతాడు. "చూడు, పుస్తకంలో ఇలా లేదు మావయ్యా!"

వాడి పాత ఫిర్యాదు ఒకటుంది. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో 1962లో పుట్టించిన స్పైడర్ మ్యాన్ తన సాలెదారం విసిరే పరికరాన్ని తానే తయారు చేసుకుంటాడు. 2002 సినిమాలో ఆ దారం వాడి మణికట్టులోంచే వస్తుంది. చేతిలో డబ్బుల్లేని పిల్లాడు బుర్ర పెట్టి సాధించినదాన్ని సాలీడు కాటు ఖాతాలో వేశారని మావాడి బాధ. అందులో న్యాయం ఉంది. కానీ అదే సినిమాలో ఆ కుర్రాడు డాబా ఎక్కి, దారం ఎలా వస్తుందో తెలీక వేళ్లు నానా రకాలుగా మడుస్తూ తిప్పలు పడతాడే! మీసాలొచ్చే వయసులో సొంత ఒళ్లే కొత్తగా, సిగ్గుగా అనిపించడం గుర్తున్నవాళ్లెవరికైనా ఆ తిప్పలు తెలుసు. ఒకటి తీసేసి, దాని చోట ఇంకొకటి పెట్టారు. పెట్టింది నిలబడిందా లేదా అన్నదే నాకు లెక్క.

'మ్యాన్ ఆఫ్ స్టీల్' (2013) దగ్గర మాత్రం ఇద్దరం ఒకే పక్షం, కారణాలే వేరు. సూపర్ మ్యాన్ తన శత్రువు జాడ్ మెడ విరిచేస్తాడు. "వాడు ఎవర్నీ చంపడు, కామిక్స్‌లో లేదు" అంటాడు మావాడు. ఉంది నాయనా! జాన్ బర్న్ 1988లో రాసి గీసిన సంచికలో జాడ్‌నీ, ఇంకో ఇద్దరినీ చంపిందెవరు? నా అభ్యంతరం పుస్తకంతో కాదు. ఊరు ఊరంతా కూలుతుంటే అంతసేపు వెనక్కి తిరిగి చూడనివాడు, చివర్లో నలుగురి కోసం ఒకణ్ణి చంపి గుండె పగిలేలా అరిస్తే నాకు ఏడుపు రాలేదు. ఆ ఏడుపుకి కావలసిన పునాది సినిమా వేసుకోలేదు. కామిక్ ముట్టనివాడు కూడా ఈ మాట అనగలడు.

అసలు ఏ పుస్తకానికి కట్టుబడాలి? 1938లో అచ్చయిన తొలి సూపర్ మ్యాన్ ఎగరడు, గెంతుతాడంతే. వాణ్ణి కుదేలు చేసే క్రిప్టొనైట్ 1943లో రేడియో నాటకంలో పుట్టి, తర్వాతెప్పుడో కామిక్స్‌లోకి వచ్చింది. నా సంగతీ చెప్పుకోవాలి. మూర్ మార్కెట్ 1985లో కాలిపోక ముందు, అక్కడ పాత పుస్తకాల కుప్పల్లో ఇంద్రజాల్ కామిక్స్ ఏరుకునేవాణ్ణి. తుప్పు పట్టిన పిన్నులు వేళ్లకు గుచ్చుకునేవి. అందులో ఫాంటమ్ ఉండే దేశం డెంకాలీ, వాడి శత్రువులు సింగా దొంగలు. అసలు కథలో అది బెంగాలీ అనీ, దొంగలు సింగులనీ, మనవాళ్లు నొచ్చుకుంటారని ఇక్కడ మార్చారనీ చాలా ఏళ్లకు తెలిసింది. నేను ప్రాణంగా చూసుకున్న మూలమే మార్చిన సరుకు! అయినా నాకు డెంకాలీయే అసలు, ఇప్పటికీ.

ఇక మనవాళ్ల సంగతి. మేం కూర్చుని దోసె తినే ఆ మాల్ ఒకప్పటి విజయా వాహినీ స్టూడియో స్థలంలోనే ఉంది. 1957లో 'మాయాబజార్' తీసింది ఆ స్టూడియోలోనే. వ్యాసుడు రాసిన భారతంలో శశిరేఖ లేదు, అభిమన్యుడు పెళ్లాడేది ఉత్తరని. కె.వి.రెడ్డి గారు ఇంకో అడుగు ముందుకేసి, అది పాండవుల ఇంటి గొడవే అయినా ఐదుగురిలో ఒక్కణ్ణీ తెరమీదికి రానివ్వలేదు. భారతం నోటికొచ్చిన మా తాతగారు కూడా 'ఇది వ్యాసుడిలో లేదే' అని మొహం మాడ్చుకోలేదు. పైపెచ్చు పెళ్లిభోజనం దగ్గర ఘటోత్కచుణ్ణి చూసి, కుర్చీలో ముందుకి జరిగి కూర్చునేవారట.

ఇదంతా చెబితే "అది వేరు, ఇది వేరు" అన్నాడు మావాడు. ఎలా వేరో చెప్పలేదు. మొన్న ఆదివారం మాంబళంలో మా ఇంట్లో కూర్చోబెట్టి మాయాబజార్ పెట్టాను. తెలుగు చదవడం సరిగా రాదు గానీ వినడం బాగానే వచ్చు. మూడు గంటలూ ఫోన్ ముట్టుకోలేదు. చివర్లో నేను లేచి టీవీ కట్టేస్తుంటే అప్పుడడిగాడు:

"అవునూ, పాండవులేరి మావయ్యా?"