లాఠీకీ హెచ్ఐవీకీ సంబంధం లేదంటారా?

ఈమధ్య విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "సెక్స్ వర్కర్ల మీద హింస తగ్గితే హెచ్ఐవీ తగ్గుతుందట, దానికో పరిశోధన! జబ్బు వైరస్ వల్ల వస్తుంది, దెబ్బల వల్ల కాదు. కండోమ్‌లు ఊరికే ఇస్తున్నారు, వాడకపోతే తప్పెవరిది? బస్టాండ్ దగ్గర నాలుగు తగిలించి ఊరు దాటిస్తే పీడా పోతుంది. పోలీసుల్ని బద్నాం చేసి ఎన్జీవోలు డబ్బు చేసుకుంటున్నాయి." ఇదీ వరస. కింద చప్పట్ల బొమ్మలు. ఒక్కో మాటా విడదీసి చూస్తే ఇందులో నిలిచేది చాలా తక్కువ.

"జబ్బు వైరస్ వల్ల వస్తుంది, దెబ్బల వల్ల కాదు."

సగం నిజం. కానీ బలవంతం జరిగిన చోట కండోమ్ ఉండదు, లోపల గాయాలవుతాయి, ఆ గాయాలతో వైరస్ సోకే అవకాశం పెరుగుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఒకసారి చావుదెబ్బలు తిన్న మనిషి, తర్వాతి కస్టమర్‌తో "అది లేకపోతే కుదరదు" అని గట్టిగా అనలేదు. కర్ణాటకలో వేల మంది సెక్స్ వర్కర్లతో మాట్లాడి చేసిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. ముందటి ఏడాదిలో ఏ హింసా ఎదురుకానివాళ్లలో, గత నెలలో ఒక్కసారి కూడా కండోమ్ లేకుండా కలవలేదని చెప్పినవాళ్లు 75.5 శాతం. హింస ఎదురైనవాళ్లలో ఆ సంఖ్య 55.4 శాతమే. వీళ్లలో గనేరియా అనే సుఖవ్యాధి కూడా దాదాపు రెట్టింపు. హింస ఒక్కటే కారణమని ఇలాంటి సర్వేతో తేల్చలేం, ఒప్పుకుంటాను. "సంబంధమే లేదు" అనడం మాత్రం కుదరదు.

2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇంకో లెక్క వచ్చింది. సెక్స్ వర్కర్ల మీద లైంగిక హింస పూర్తిగా ఆగితే పదేళ్లలో వాళ్లలో, వాళ్ల కస్టమర్లలో కొత్త హెచ్ఐవీ కేసులు కెన్యాలో 17 శాతం, కెనడాలో 20 శాతం తగ్గొచ్చని. ఇవి గణిత నమూనాతో వేసిన అంచనాలు, పైగా మన ఊరివి కావు. అటూ ఇటూ మారే అవకాశం బాగానే ఉందని ఆ పరిశోధకులే రాశారు.

"కండోమ్‌లు ఊరికే ఇస్తున్నారు కదా."

ఇస్తున్నారు. పీర్ ఎడ్యుకేటర్, అంటే తోటివాళ్లకు ఆరోగ్య జాగ్రత్తలు చెప్పే సెక్స్ వర్కర్, చేతికిస్తుంది, లాడ్జీ వరకూ వెళ్తాయి. గదిలో గడియ పడ్డాక ఏం జరుగుతుందన్నదే ప్రశ్న. ఒక్కడే అని చెప్పి తీసుకెళ్తాడు, లోపల ముగ్గురుంటారు. తాగి ఉంటారు. అక్కడ ఆమె బ్యాగులో కండోమ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అసలు బ్యాగులో పెట్టుకోవడానికే భయం. తనిఖీలో నాలుగు దొరికితే అవే సాక్ష్యమంటారని ఒక్కటి జాకెట్లో దాచుకుని బయల్దేరేవాళ్లున్నారు. ఆ ఒక్కటీ అయిపోతే ఆ రాత్రికి ఇక లేనట్టే. ఎక్కడో కాదు, మన రాజమండ్రిలో జరిగిన అధ్యయనమే 2011లో ఈ సంగతి చూపించింది: పోలీసుల వేధింపులు ఎదుర్కొన్నవాళ్లలో కండోమ్ వాడకం నిలకడగా లేదు, సుఖవ్యాధుల లక్షణాలు ఎక్కువ. 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో కండోమ్‌ని నేరానికి సాక్ష్యంగా చూపొద్దన్న మాట ఊరికే రాలేదు. ఆ ధర్మాసనానికి నాయకత్వం వహించిన జస్టిస్ లావు నాగేశ్వరరావు గుంటూరు కోర్టులో లాయరుగా మొదలైనవారే. మెసేజ్ పంపేవాళ్లు కనీసం ఊరి అభిమానంతోనైనా ఆ ఆదేశాలు చదవొచ్చు.

"ఊరు దాటిస్తే పీడా పోతుంది."

ఎక్కడికి పోతుంది? గంటలో గుంటూరులో దిగుతుంది. కస్టమర్లేమో ఇక్కడే ఉంటారు, సాయంత్రానికి ఇంటికెళ్తారు, ఇంట్లో భార్య ఉంటుంది. గోవాలో ఈ ముచ్చట తీరింది. 2004లో బైనా బీచ్ దగ్గరి రెడ్‌లైట్ ఏరియాని కూల్చేశారు. పని ఆగలేదు, చెల్లాచెదురై చాటుకు పోయింది. అప్పటిదాకా వాళ్లను కలుస్తున్న ఆరోగ్య కార్యకర్తలకు చాలామంది ఆచూకీ దొరకలేదు. బెజవాడలో ఇప్పుడు వ్యవహారమంతా సెల్‌ఫోన్లు, అద్దె ఇళ్లు, హైవే మీదే. ఒక రెయిడ్ జరిగిందంటే నంబర్లు మారిపోతాయి, ఆర్నెల్లకోసారి చేయాల్సిన పరీక్ష తప్పుతుంది. అప్పటికే ఏఆర్‌టీ మందులు (హెచ్ఐవీని అదుపులో ఉంచేవి) వాడుతున్న మనిషైతే అవి మధ్యలో ఆగుతాయి, ఒంట్లో వైరస్ మళ్లీ పెరుగుతుంది. ఇతరులకు సోకే ప్రమాదమూ దాంతోపాటే. 2021 అంచనాల ప్రకారం పెద్దవాళ్లలో హెచ్ఐవీ శాతంలో మూడు ఈశాన్య రాష్ట్రాల తర్వాత నాలుగో స్థానం ఆంధ్రప్రదేశ్‌దే, 0.67 శాతం. ఇలాంటి రాష్ట్రంలో ఈ సలహా!

"పోలీసుల్ని బద్నాం చేస్తున్నారు."

ఇందులో కొంత న్యాయముంది. కొట్టేది పోలీసులే కాదు. కస్టమర్లు, మామూళ్లకొచ్చే రౌడీలు, బ్రోకర్లు, అన్నిటికన్నా దగ్గరగా "మా ఆయన" అని చెప్పుకునే మనిషి. కండోమ్ అతితక్కువగా వాడేది ఆయనతోనే. కాబట్టి పోలీసుల తీరు మారితే చాలదు. కానీ మిగతావాళ్ల మీద ఫిర్యాదు ఇవ్వాల్సింది ఆ స్టేషన్లోనే కదా.

ఎన్జీవోల డబ్బు సంగతి: లెక్కలు అడగండి, అడగాల్సిందే. పైన చెప్పిన అధ్యయనం జరిగిన కర్ణాటకలో, సెక్స్ వర్కర్ల కోసం నడిచిన హెచ్ఐవీ నివారణ కార్యక్రమం కింద పోలీసులకు శిక్షణ ఇచ్చారు, దాడి జరిగితే వెంటనే వెళ్లే బృందాలు పెట్టారు. తర్వాతి సర్వేల్లో హింస తగ్గింది. ఆ ఖర్చు దేనికో అర్థమవుతూనే ఉంది.

ఆ మెసేజ్‌లో అసలు లేని సంగతొకటి. రేప్ జరిగాక 72 గంటల్లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది, మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే హెచ్ఐవీ సోకకుండా చాలావరకు అడ్డుకోవచ్చు. లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కి మిగతా బాధితులకిచ్చినట్టే తక్షణ వైద్యం అందించాలని 2022 ఆదేశాల్లోనే ఉంది. దానికి ఆమె ఆస్పత్రికొచ్చి జరిగింది చెప్పాలి. అక్కడ తిట్లు, స్టేషన్లో లాఠీ ఎదురవుతాయనుకుంటే రాదు. ఎవరికైనా అవసరం పడితే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097, ఫోన్ చేయడానికి డబ్బులేమీ అవవు.