బావగారి నిశ్చింత ప్రయాణం

విమానాల్లో తరచుగా తిరిగేవారికి కొంతకాలానికి విమానాశ్రయమంటే భయం పోతుంది. ఆ ఖాళీలో ఒక సిద్ధాంతం వచ్చి కూర్చుంటుంది. నెలలో సగం రోజులు గాలిలోనే గడిపే మా బావగారి సిద్ధాంతం ప్రకారం ప్రయాణంలో చిరాకు పుట్టేది విమానం వల్ల కాదు, వరుసల వల్ల. కాబట్టి అక్కడ నిలబడి చేయవలసిన పనులన్నీ ఇంట్లో కూర్చుని ముందే ముగించుకోవాలి. అందుకే ఆయన చెక్-ఇన్ ముందురోజే ఫోనులో కానిచ్చేస్తారు. లోహపు బకిల్ లేని బెల్టు, లేసులు లేని బూట్లు వేసుకుంటారు. దిగాక సామాను కోసం ఎదురుచూడనక్కరలేకుండా, చేతి సామానుగా ఒకే ఒక నల్లని చక్రాల పెట్టె తీసుకువెళతారు. ఇప్పుడు అందరూ నిలువుగా లాక్కువెళ్లే ఈ రకం పెట్టెను 1987లో రూపొందించినవాడు రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ అని, తరచుగా తిరిగేవాడి భుజం నొప్పి మరో తరచుగా తిరిగేవాడికే అర్థమైందని, ఆ రోజు కారులో నాకు చెప్పుకుంటూ వచ్చారు. నేను ఆయన వెంట వెళ్లింది నిశ్చింతగా ప్రయాణించడం ఎలాగో నేర్చుకోవడానికే.

తనిఖీ దగ్గర ఏ వరుసలో నిలబడాలన్నదీ ఒక విద్యేనట. పసిపిల్లలున్న కుటుంబాల వెనుక నిలబడకూడదు, సూటు వేసుకున్నవారి వెనుక నిలబడాలి అన్నారు. మా ముందున్న సూటు మనిషి యంత్రం గుండా నడిచిన ప్రతిసారీ అది మోగడం, ఆయన ఇంకొక జేబులోంచి ఇంకొన్ని నాణేలు తీయడం జరుగుతుండగా, పక్క వరుసలో తోపుడు బండితో సహా ఒక కుటుంబం మొత్తం దాటిపోయింది. "మినహాయింపులు ఉంటాయయ్యా" అన్నారు బావగారు.

ఆ తర్వాత బావగారి పెట్టె ఎక్స్‌రే యంత్రంలోకి వెళ్లింది, బయటికి మాత్రం మా వైపు రాలేదు. అద్దానికి అవతల, అనుమానపు సామాను పేరుకునే రెండో పట్టీ మీదికి మళ్లింది. దీనికి కారణం ఆయన శ్రద్ధే కావడం విచారకరం. ఛార్జర్లు, తీగలు, పవర్ బ్యాంకు, గడ్డం గీసుకునే యంత్రం, అడాప్టర్లు అన్నింటినీ వెతుకులాట లేకుండా ఒక్క సంచిలో బిగించి, ఆ సంచిని ఇంకొక సంచిలో పెట్టి, దాన్ని లాప్‌టాప్ కిందికి చేర్చారు. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చిన వస్తువులు తెర మీద ఒకే నల్లని ముద్దగా కనిపిస్తాయి. లోపల ఏముందో చూడలేని ఉద్యోగికి పెట్టె విప్పించడం తప్ప మార్గం ఉండదు. చిందరవందరగా కుక్కిన నా సంచి మాత్రం ఏ అభ్యంతరమూ లేకుండా బయటికి వచ్చింది.

"ఇది మీదేనా సార్?" అని అడిగి, ఆ ఉద్యోగి సంచిలోంచి సంచిని, అందులోంచి మరో సంచిని తీస్తూ పోయి, చివరికి ఏ తీగల జోలికీ పోకుండా ఒక టూత్‌పేస్టు గొట్టాన్ని పైకెత్తి చూపించారు. అది అడుగు నుంచి మెడదాకా చుట్టలు చుట్టుకుపోయి, ప్రాణం కంఠంలో ఉన్న స్థితిలో ఉంది.

"నూట యాభై మిల్లీలీటర్లండీ."

"అది నిండుగా ఉన్నప్పటి మాట. ఇప్పుడు చూడండి, రెండు పూటలకు కూడా రాదు."

"గొట్టం మీద నూట యాభై అని ఉందండీ."

ఇద్దరి మాటా నిజమే. ద్రవరూపంలోని పేలుడు పదార్థాలతో అట్లాంటిక్ మీదుగా వెళ్లే విమానాలను పేల్చాలన్న కుట్ర 2006 ఆగస్టులో బ్రిటన్‌లో బయటపడినప్పటి నుంచి, చేతి సామానులో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాల మీద ఆంక్ష వచ్చింది. ఆ లెక్క పాత్రకే గాని పాత్రలో మిగిలినదానికి కాదు. పేస్టు కూడా ద్రవాల కిందికే వస్తుంది. కొత్త స్కానర్లు వచ్చిన కొన్ని విమానాశ్రయాలు ఈ నియమాన్ని సడలించాయి గనుక, తరచుగా తిరిగేవారికి నియమాలు తెలియకపోవడం కన్నా నిరుటి నియమాలు బాగా గుర్తుండటమే ఎక్కువ ఇబ్బంది తెచ్చిపెడుతోందని నా అభిప్రాయం. బావగారు ఆ గొట్టాన్ని అంతకుముందు వేరే చోట్ల దాటించారు కూడా.

అయినా ఆయన ఓటమిని ఒప్పుకోలేదు. బ్రష్షు మీద అభ్యంతరం ఉందా అని అడిగి, లేదనిపించుకుని, గొట్టాన్ని రెండు బొటనవేళ్లతో పిండి, మిగిలిన పేస్టు మొత్తాన్ని బ్రష్షు మీదికి ఎక్కించారు. ఖాళీ గొట్టాన్ని చెత్తబుట్టలో వేసి, గాలికి ఆరిపోబోయే దీపంలా బ్రష్షును చేత్తో కాపు కాస్తూ బయలుదేరారు. విమానం ఎక్కాక పళ్లు తోముకుంటారట. ఈలోగా మా గేటు మారింది. ఫోను ఒక చేతిలో, బ్రష్షు ఒక చేతిలో ఉండటంతో పెట్టెకు చెయ్యి మిగలక, దాన్ని నేనే లాగాను.

గేటు మూసే సమయానికి చేరుకుని బోర్డింగ్ పాస్ చూపించబోతే ఫోను తెర చీకటయింది. దాన్ని మేల్కొలపడానికి వేలిముద్ర కావాలి; ఆ వేలికి పేస్టు అంటుకుని ఉంది. చొక్కాకు తుడుచుకుని ఆ గండం గట్టెక్కేసరికి గేటు దగ్గరి అమ్మాయి, లోపల పై అరలు నిండిపోయాయని, పెట్టెను కిందికి పంపక తప్పదని, అందులో పవర్ బ్యాంకు ఉంటే తీసి దగ్గర ఉంచుకోవాలని చెప్పింది. లిథియం బ్యాటరీ సామాను గదిలో అంటుకుంటే ఆర్పే మనిషి ఉండడు గనుక ఆ నియమం సబబైనదే.

"ఇరవై వేల మిల్లీయాంప్ అవర్లు, అంటే 74 వాట్ అవర్లమ్మా. 100 దాకా చేతి సామానులో పరవాలేదు" అన్నారు బావగారు.

"నిజమే సార్. పెట్టెలోంచి తీస్తారా?"

అది ఎక్కడుందో మీకు తెలుసు. "ఇది పట్టుకోవయ్యా" అని బ్రష్షు నాకిచ్చి, ఆయన గేటు ముందే మోకాళ్ల మీద కూర్చుని సంచిలోని సంచిలోకి ప్రయాణమయ్యారు. మా వెనుక వరుస పెరిగింది. అందులో చాలామంది సూట్లు వేసుకుని ఉన్నారు.

దిగాక ఎంతసేపు చూసినా ఆ పెట్టె రాలేదు. అనుభవానికి గుర్తుగా ఆయన పాత ప్రయాణాల బార్‌కోడ్ చీటీలను దాని మీద అలాగే ఉంచేస్తారు. సామానును వేరుచేసే యంత్రం వాటిలో దేన్ని చదివి ఏ ఊరికి పంపిందో మరి. ఫిర్యాదుల కౌంటరులోని ఉద్యోగిని పెట్టె గుర్తులు చెప్పమంటే, నల్లగా, చక్రాలతో ఉంటుందన్నారు బావగారు. ఆమె జాలిగా చూసి, లోపల ఏమున్నాయో చెప్పమంది. బావగారు పై సంచి నుంచి అడుగు సంచి దాకా వరసగా అప్పజెప్పారు. దరఖాస్తులో దానికి ఉన్నవి మూడు గీతలే.

చివరికి ఆమె, పెట్టె దొరికేదాకా వాడుకోమని ఒక చిన్న అత్యవసర సంచి ఇచ్చింది. అందులో వేలెడంత పేస్టు గొట్టం ఉంది. బావగారు కళ్లజోడు సవరించుకుని దాని మీది అంకె చదివి, ఇరవై మిల్లీలీటర్లే గనుక తిరుగు ప్రయాణానికి దాస్తానని జేబులో వేసుకున్నారు. మరి దీన్నేం చేయమంటారని నేను బ్రష్షు చూపిస్తే, ఈ పూటకు అది ఉందిగా అన్నారు.