వేప చెట్టుకు పదవీ విరమణ

మా బావగారింటి ముందు ప్రహరీని ఆనుకుని ఉన్న వేప చెట్టుకు వయసైపోయిందట. ఈ సంగతి కనిపెట్టింది స్వయంగా బావగారే, అదీ తన షష్టిపూర్తి జరిగిన నెలలోనే. 1986లో గృహప్రవేశం నాడు నాటిన చెట్టు. వేప నూట యాభై, రెండు వందల ఏళ్ళు బతుకుతుంది కాబట్టి, మన లెక్కలో అది ఇంకా ఇంజినీరింగ్ సప్లిమెంటరీలు కట్టుకునే ఈడు. అయినా పెద్దలు ముసలిదన్నాక ముసలిదే.

ఆదివారం పదకొండింటికి విచారణ. ఇంట్లో కరెంటు లేదు, ఉక్కపోస్తోందని కుర్చీలన్నీ బయటికి తెచ్చారు. ఎక్కడ వేశారనుకున్నారు? ముద్దాయి కిందే.

మొదటి నేరం, ఆకులు రాల్చుట. శివరాత్రి నుంచి ఉగాది దాకా ఊడ్వలేక చస్తున్నామన్నారు బావగారు. ఊడ్చేది పనమ్మాయి. రాల్చడమే నేరమైతే ఆయన నడినెత్తి మీద ఎప్పుడో కేసు పడాల్సింది, అక్క ముందు ఆ మాట అనలేం. రెండో నేరం, కారు మీద కాకిరెట్టలు. కాకి చేతికి చిక్కదు, చెట్టు ఎక్కడికీ పోదు. మూడోది, వేళ్ళు పార్కింగ్ టైల్స్‌ని లేపుతున్నాయి. టైల్స్ వేసింది నిరుడు.

డాలస్ నుంచి మేనల్లుడు వీడియో కాల్‌లో వైద్య నివేదిక సమర్పించాడు: 2021లో తెలంగాణ అంతటా వేపలు కొసల నుంచి మాడిపోయాయి కదా, దీనికీ ఆ జబ్బు తగిలిందిగా అని. తగిలింది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం. ఆ తర్వాత చెట్టు మళ్ళీ చిగురేసింది కూడా, ఆ కాగితం మాత్రం ఫైల్లో లేదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెద పడితే 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందెక్కించారు. అది ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే ముసల్ది. మనదానికి నాడి కూడా పట్టకుండా నేరుగా పోస్టుమార్టం.

అప్పుడు వాస్తు సిద్ధాంతిగారు వచ్చారు. ఫోన్లో దిక్సూచి తెరిచారు. ఎండకి స్క్రీన్ కనపడక చెట్టు నీడలోకి జరిగారు. చల్లగా ఉందన్నారు. మజ్జిగ తాగారు. గాలి బాగా వస్తోందన్నారు. ఇంకో గ్లాసు తాగి, ఈశాన్యంలో ఇంత బరువు ఉండకూడదని సెలవిచ్చారు. ఇంటికి వచ్చిన సంబంధాలు వెనక్కి పోతున్నాయా అని అడిగారు. పోతున్నాయన్నారు బావగారు. మేనల్లుడు డాలస్‌లో పెళ్ళొద్దంటుంటే ఇక్కడ వేప ఏం చేసిందో నాకు అంతుబట్టలేదు.

ఈలోగా పొద్దు నడినెత్తికొచ్చింది. నీడ జరిగింది. నీడతోపాటు న్యాయస్థానమూ జరిగింది. కుర్చీలు ఎత్తుకుని, నాలుగడుగులు వేసి, మళ్ళీ కూర్చుని, “అసలు ఈ చెట్టు వల్ల మనకేం ఉపయోగం?” దగ్గర వాదన అందుకున్నారు. రెండింటిలోపు అలా మూడుసార్లు జరిగారు. ఒక్కరైనా పైకి చూడలేదు.

మేనకోడలు ఒక్కతే నోరు విప్పింది. వంగిన కొమ్మ కొట్టిస్తే చాలదా, తెలిసినవాళ్ళకు చూపిద్దాం, చెట్టు కొట్టాలంటే వాల్టా చట్టం ప్రకారం ఎలాగూ అనుమతి కావాలి కదా అని. “2002 నాటి చట్టమమ్మా, దానికీ వయసైపోయింది,” అన్నారు బావగారు.

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, సిగ్గుపడుతూనే చెబుతున్నా.

గోడ అవతల ఒక మనిషి ఉన్నాడు. ఆ వేప కొమ్మ కింద ఇస్త్రీ బండి పెట్టుకుని పద్దెనిమిదేళ్ళు. మే నెల మధ్యాహ్నం బొగ్గుల పెట్టె పట్టుకుని నిలబడే మనిషికి ఆ నీడ తప్ప పైకప్పు లేదు. ఆయన భార్య పిల్లలిద్దరినీ ఆ కొమ్మకే చీర ఉయ్యాల కట్టి పెంచింది. తాడు ఒరిసిన గుర్తు బెరడు మీద ఉండేది, నేను చేత్తో తడిమి చూశాను. ఆ ఆదివారం మేం కూర్చున్న చోటికి ఆయన పదడుగుల దూరంలో నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాడు. మా బావగారి చొక్కాలే. డాలస్‌ని అడిగారు, దిక్సూచిని అడిగారు, ఆయన్ని అడగాలని ఒక్కడికీ తట్టలేదు. చదువుకున్నాం, ఇళ్ళు కట్టుకున్నాం, ఛీ! గురువారం రంపం మిషన్ వచ్చింది. ఆయన బండి పక్కకు తోసుకుని, మధ్యాహ్నం దాకా చూస్తూ నిలబడ్డాడు.

ఇప్పుడు వాకిలి నిండా టైల్స్. ఏప్రిల్‌లో చెప్పుల్లేకుండా కాలు పెడితే బొబ్బలే. పాపం కారు ఎండకు మాడుతోందని బావగారు ఫైబర్ షీట్ల షెడ్డు వేయించారు.

మొన్న ఫోన్ చేశారు. ఇస్త్రీ మనిషి చెప్పాపెట్టకుండా ఎటో పోయాడట, ఈ జాతికి విశ్వాసం లేదట, ఎక్కడున్నాడో నాకేమైనా తెలుసా అని.

తెలుసు. మూడో వీధిలో ఒకాయన ఇంటి కానుగ చెట్టు కింద. చెప్పలేదు. ఆ ఇంటాయన, బావగారు రోజూ పొద్దున్నే కలిసి వాకింగ్‌కి వెళతారు.